క్యాసెట్ అట్ట మీద చిలకలు

గంగారాం సారు తన జన్మలో ఒకే ఒక్క దొంగతనం చేశాడు. అదీ సొంత ఇంట్లో, సొంత బీరువాలో, సొంత భార్య చీరల మడతల్లోంచి. ఎత్తుకున్నది నగ కాదు. క్యాసెట్ డబ్బాలో మడిచి పెట్టే అట్ట.

క్యాసెట్‌ను ముట్టుకోలేదు, డబ్బాను ముట్టుకోలేదు. అట్ట ఒక్కటే తీసి బనీనుకూ అంగీకీ నడుమ దాచుకుని, బీరువా తలుపు మెత్తగా వేయబోయాడు. ఆ తలుపు కొన్ననాటి నుంచి ఒక్కసారి కూడా మెత్తగా పడలేదు.

"ఏమయ్యా, బీరువల ఏం దేవులాడుతున్నవ్?" వంటింట్లోంచి బాలలక్ష్మి కేకేసింది.

"దస్తీ!"

"దస్తీలు దండెం మీద ఉన్నయి."

"ఇంకో దస్తీ!"

"ఎందుకు, ముక్కులు రెండు మొలిచినయా?"

సారు చెప్పులేసుకుని కామారెడ్డి బజారులో పడ్డాడు. ఇంత పెద్దమనిషి ఇంత చిన్న అట్ట కోసం దొంగ ఎందుకయ్యాడో ముందు చెప్పాలి.

గంగారాం వాళ్ల వంశంలో డిగ్రీ చదివిన మొదటి మనిషి. అందుకని ఏ పని చేసినా పద్ధతి ప్రకారం చేస్తాడు. పద్ధతి ప్రకారం చేసిన పని చెడిపోతే, అది కూడా పద్ధతి ప్రకారమే చెడిపోతుంది. హైస్కూల్లో సోషల్ చెబుతాడు. పాఠానికి ముందు కూడా "సోదర సోదరీమణులారా" అనకుండా ఉండలేడు గనుక పిల్లలు ఆయన్ని సోదర సారు అంటారు.

హెడ్మాస్టరు పదవీ విరమణ సభలో వీడ్కోలు ప్రసంగం సారు వంతు వచ్చింది. తన గొంతు తాను విని దిద్దుకుంటే బాగుంటుందని తోచింది. బావమరిది దుబాయి నుంచి తెచ్చిచ్చిన టేప్ రికార్డర్ ఉండనే ఉంది. అందులో ఒక క్యాసెట్ కూడా ఉంది. దాని మీద ఏ పేరూ రాసి లేదు. పేరు లేదంటే ఖాళీ అనే కదా! వీపు మీద రెండు చిన్న రంధ్రాలు ఉండి రికార్డు మీట దిగకపోతే, ఏదో విరిగిందనుకుని ఆ రంధ్రాల్లో కాగితం కుక్కి మరీ మీట నొక్కాడు.

ప్రసంగం చిన్నదై ఉంటే ఒక పక్కైనా మిగిలేది. సోదర సారు ప్రసంగం ఎన్నడూ ఒక పక్కతో ఆగలేదు. తిప్పి రెండో పక్క కూడా నింపాడు.

తర్వాత వెనక్కి తిప్పి వినబోతే, మొదట్లో ఒక ఆడమనిషి గొంతు మంద్రంగా మొదలైంది. "గడప దాటేటి బిడ్డ, గట్టిగుండవమ్మా..." ఆ వెంటనే టక్కుమని చప్పుడు. ఆపైన సారు: "సోదర సోదరీమణులారా! వీరు ఇక మన మధ్య ఉండరు!"

సారు మీట నొక్కి ఆపేశాడు. అది బాలలక్ష్మి నాయనమ్మ పెద్దవ్వ పాడిన అప్పగింతల పాటల క్యాసెట్. పదేళ్ల కింద బాలలక్ష్మి పెళ్లిలో పెట్టింది అదే. అది వింటూ ఏడవని మనిషి లేడు. పెళ్లికొడుకు కూడా ఏడ్చాడు, సారుకు బాగా గుర్తు. పెద్దవ్వ ఇప్పుడు లేదు. వచ్చే నెల ఎల్లారెడ్డిలో బాలలక్ష్మి చెల్లెలు గంగమణి పెళ్లి. అప్పగింతల వేళకు క్యాసెట్ తెమ్మని అత్త శాంతవ్వ ముందే కబురు పంపింది. ఇంకెవరి దగ్గరైనా ఉందా అంటే, చుట్టాల దగ్గరున్న నాలుగైదు క్యాసెట్ల మీద వాళ్ల పిల్లలు ఎప్పుడో సినిమా పాటలు ఎక్కించేశారు.

భార్యకు చెబితే? ఆ ఊహే వద్దనుకున్నాడు. చప్పుడు చేయకుండా క్యాసెట్‌ను బీరువాలో పెట్టేశాడు. ఈ పాటలు తయారు చేయించినవాళ్లను పట్టుకుని ఇంకో కాపీ తెచ్చి, ఆ డబ్బాలోనే పెట్టేస్తే సరి. బాలలక్ష్మికి తెలియాల్సిన పనే లేదు. దానికి ఆధారం అట్ట ఒక్కటే.

నిజాంసాగర్ చౌరస్తాలో జిలానీ క్యాసెట్ల దుకాణం. జిలానీ ఆ అట్టను వెలుతురుకు పెట్టి చూశాడు, వాసన చూశాడు, గోరుతో గీకాడు. డాక్టరు నాడి చూసినంత సేపు చూశాడు. అట్ట మీద "పెద్దవ్వ అప్పగింతల పాటలు" అని ఉంది. కింద ఎదురెదురుగా రెండు చిలకలు. పచ్చరంగు సరిగ్గానే పడింది. ఎరుపు మాత్రం జారిపోయి ముక్కుల ఎరుపు మెడల మీద పడింది. రెండు చిలకలకూ గొంతునొప్పి వచ్చి పసుపూ కుంకుమా పట్టించుకున్నట్టుంది.

"కంపెనీ పేరు లేదు, ప్రెస్సు పేరు లేదు," అన్నాడు జిలానీ. "ఇది బొంబాయి మాల్ కాదు సారూ. మన దిక్కు మాలే."

"మరి ఎవరు కొట్టిన్రో ఎట్ల తెలుస్తది?"

"చిలకలను పట్టుకో. ఇవి పెండ్లికార్డు చిలకలు. ప్రెస్సోల్లు పెండ్లికార్డుల కోసం రేకు మీద బొమ్మ చెక్కిచ్చి చెక్కకు కొట్టి పెట్టుకుంటరు. ఒక్కో ప్రెస్సుల ఒక్కో తీరు చిలకలుంటయి. ఎవరి పెండ్లికార్డు మీద ఈ చిలకలుంటే, ఈ అట్ట కొట్టింది వాల్లే. కొట్టినోడు దొరికితే కొట్టిచ్చినోడు దొరుకుతడు. అసలు టేపు ఆయన తాన ఉంటది."

"పోయి అడుగుత."

"సీదా అడిగితే చెప్పరు సారూ. క్యాసెట్ అట్ట అనంగనే దొంగ కాపీల కేసనుకొని తలుపేస్తరు. పెండ్లికార్డులు కావాలన్నట్టు పోవాలె. నమూనాలు ముందటేస్తరు. నువ్వు చిలకలు చూసుకోవాలె, బయటపడాలె."

"జిలానీ, ఇంట్ల మాత్రం తెల్వద్దు."

"అల్లా కసం సారూ! అక్కకు నా నోట్లకెల్లి ఒక్క ముక్క పోదు."

ఒంటిపూట బడుల రోజులు. మధ్యాహ్నం నుంచి సారుకు తీరికే. మొదట స్టేషన్ రోడ్డులో వెంకటి ప్రెస్సుకు వెళ్లాడు.

"రా సారూ, కూసో! ఎవరి పెండ్లి?" అన్నాడు వెంకటి.

సారు అన్నిటికీ సిద్ధపడి వచ్చాడు, ఈ ప్రశ్నకు తప్ప. "ముందుగాల నమూనాలు చూపియ్యి," అన్నాడు గంభీరంగా.

వెంకటి నమూనాలు పరిచాడు. ఏనుగులు, కలశాలు, అరటి చెట్లు, చేతిలో చేయి. చిలకలూ ఉన్నాయి. కాని అవి ఒకదానికొకటి వీపు తిప్పి కూర్చున్న చిలకలు. పెళ్లికి ముందే అలిగినట్టున్నాయి. సారు ఒక్కో కార్డునూ కళ్లకు ఆనించుకుని చూస్తుంటే వెంకటి కాగితం, పెన్సిలు తీశాడు.

"పేరేంది సారూ?"

"గంగారాం." తన పేరే అడుగుతున్నాడనుకున్నాడు సారు.

"పిల్ల పేరు?"

"పిల్లనా?" సారు గతుక్కుమని వీధిలోకి చూశాడు. ఎదురు దుకాణంలో తలనూనె డబ్బా మీద మోకాళ్ల దాకా జుట్టున్న ఆడమనిషి బొమ్మ నవ్వుతోంది. "నీ... నీలవేణి."

"మంచి పేరు. ఎక్కడి పిల్ల?"

"గీ ఎదురుంగనే."

వెంకటి పెన్సిలు ఆగింది. సారు చెవుల దగ్గర నెరిసిన వెంట్రుకల వంక చూశాడు. సారు లేచి, గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, చెప్పకూడని మాట ఒకటి చెప్పాడు.

"వెంకటీ, ఇంట్ల మాత్రం చెప్పకు."

"ఛ, నాకెందుకు సారూ," అన్నాడు వెంకటి. ఆ 'ఛ' బరువు సారుకు అప్పుడు తెలియలేదు.

ఆ వారంలోనే కామారెడ్డి ప్రెస్సులన్నీ అయిపోయాయి. ఒక చోట చిలకలు పావురాల్లా ఉన్నాయి. ఒక చోట పావురాలే ఉన్నాయి. చిలకలు చిలకల్లాగే ఉన్న ఒక ప్రెస్సులో, వాటి మధ్య వినాయకుడున్నాడు. సారు పట్టు వదల్లేదు. దోమకొండ బస్సెక్కాడు.

"ఏడికి పోతున్నవ్?" అని బాలలక్ష్మి అంతకుముందే అడిగింది.

"ఓట్ల పని. ఇండ్లకు పోయి పేర్లు రాయాలె."

"దోమకొండల ఓట్లు కామారెడ్డి సారు రాసుడేంది?"

"ఆడ రాసేటోల్లు లేరు."

"ఊరంతట ఒక్కనికి సదువు రాదా?"

"వస్తది. ఓపిక లేదు."

"నీకున్నంత ఓపిక ఎవలకుంటది లే," అంది బాలలక్ష్మి, బియ్యంలో రాళ్లు ఏరుతూ.

దోమకొండలో ప్రెస్సు రాజన్నది. సారుకు వరసకు అన్న అవుతాడు. సారు బస్సు దిగేలోగా కబురు ముందు బస్సులోనే దిగిపోయింది.

"తమ్మీ, నేనిన్నది నిజమేనా?"

"ఏం విన్నవన్నా?"

"బాలలక్ష్మి ఏం తక్కువ చేసిందిరా నీకు? మీ వదినతోని ఒక్కదానితోనే నేను ఏగలేకపోతున్న. నీకు ఇద్దరా?"

"రాజన్నా, నువ్వు అనుకునేటిది ఏం లేదు. జర చిలకలు చూపియ్యి."

"ఈ వయసుల నీకు చిలకలు గావాల్నా!"

అయినా అన్న కాబట్టి చూపించాడు. కొట్టీ కొట్టీ అరిగిపోయి ఆ చిలకల తోకలు ఎప్పుడో పోయాయి. సారు నిట్టూర్చి, అన్న చెప్పిన బుద్ధులన్నీ చేతులు కట్టుకుని విని, బస్సెక్కాడు. ఇక మిగిలింది ఎల్లారెడ్డి. అక్కడ అత్తగారిల్లు ఉంది కనుక దాన్ని చివరికి పెట్టుకున్నాడు.

మర్నాడు బడి నుంచి ఇంటికి వచ్చేసరికి వాకిట్లో మంచం మీద వెంకటి కూర్చుని చాయ్ తాగుతున్నాడు. బాలలక్ష్మి గుమ్మంలో నిలబడి, సిరా తడి ఆరని ఒక కార్డు గట్టిగా చదువుతోంది.

"...చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి నీలవేణిని, చిరంజీవి గంగారామునకిచ్చి..."

సారు చేతిలోని గొడుగు కింద పడింది.

"నమూనా కొట్టి తెచ్చిన సారూ, తప్పులుంటే దిద్దుకుందామని," అన్నాడు వెంకటి. "నువ్వు ఇంట్ల చెప్పకన్నవ్, నేను ఎవరికి చెప్పలే. అక్క చేతిల పెట్టిన, గంతే."

"నీలవేణి ఎవలు?" అంది బాలలక్ష్మి.

"ఎవలు లేరు. నూనె డబ్బ."

"నూనె డబ్బనా?"

"డబ్బ మీది బొమ్మ."

"ఆహా. ఆమె మాట్లాడది, తిండి అడగది. మంచిగనే చూసుకున్నవ్."

ఇప్పుడైనా నిజం చెప్పేస్తే గండం గడిచేది. కాని సారు వెతుకులాటలో ఇంకొక్క ఊరే మిగిలింది. ఇంత దూరం వచ్చి వెనక్కి తిరగడం పద్ధతి కాదు. "అది నాటకం," అన్నాడు. "బడిల పిల్లలతోని పెండ్లి నాటకం వేయిస్తున్న."

"నాటకంల పిలగాని పేరు నీదెందుకు?"

"వేరే పేరు పెడితే పిల్లలు మరిసిపోతరు."

బాలలక్ష్మి తల పంకించింది. వెంకటి చెవి మీది పెన్సిలు తీసి అతని చేతిలో పెట్టింది. "ఎంకటన్నా, ఇందుల ఒక తప్పుంది. పిలిచేటోల్ల పేరు లేదు. కింద నా పేరు రాయి. మొదటి పెండ్లాం పిలవకుంటే రెండో పెండ్లికి ఎవలొస్తరు?"

వెంకటి రాసుకున్నాడు కూడా.

"నేను రేపు ఎల్లారెడ్డి పోతున్న," అంది బాలలక్ష్మి, సారు వైపు చూడకుండా. "అమ్మకు చెప్పేది ఉంది."

"నేను గూడ వస్త."

"దేనికి? ఆడ గూడ ఓట్లున్నయా?"

ఎల్లారెడ్డి బస్సులో బాలలక్ష్మి ముందు ఆడవాళ్ల సీట్లో కూర్చుంది. సారు వెనక చక్రం మీది సీట్లో కూర్చుని జేబులోని అట్టను తడుముకుంటున్నాడు. బస్సు తాడ్వాయి దాటేసరికి ముందు వరుస ఆడవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. లింగంపేట వచ్చేసరికి సగం బస్సు తిరిగి చూసింది. లింగంపేట దాటాక కండక్టరు వచ్చి పక్కన నిలబడ్డాడు.

"సారూ, ఇద్దరికేనా టికెట్లు? మూడోది ఏడన్న ఎక్కుతదా?"

ఒక ముసలమ్మ బుట్టలోంచి ఒక వంకాయ తీసి సారు వైపు విసరబోయి, వంకాయల రేటు గుర్తొచ్చి ఆగిపోయింది.

ఎల్లారెడ్డిలో దిగగానే బాలలక్ష్మి వెనక్కి చూడకుండా పుట్టింటి దారి పట్టింది. బస్సు దిగిన ఆడవాళ్లలో కొందరు తమ పనులు మరిచిపోయి ఆమె వెనకే నడిచారు. సారు బస్టాండు వెనక సందులో ఉన్న యాకూబు ప్రెస్సులోకి దూరాడు.

యాకూబు పెద్దవాడు. కాలితో తొక్కే అచ్చుయంత్రం ముందు తెల్లగడ్డానికి సిరా అంటించుకుని నిలబడి ఉన్నాడు. "రా సారూ, ఎవరి పెండ్లి..."

"ఎవరి పెండ్లి లేదు!" సారు అరిచినంత పని చేశాడు. "నాకు కార్డులొద్దు, పిల్ల వద్దు. ఉన్న పెండ్లాం నాకు సాలు. గీ అట్ట సూడు. గీ చిలకలు నీయేనా, కావా? గంతే చెప్పు."

యాకూబు కళ్లద్దాలు తుడుచుకుని చూశాడు. లోపలికి వెళ్లి ఒక చెక్కముక్క తెచ్చాడు. దానికి ఒక పక్క రేకు బొమ్మ. పచ్చ సిరా రాసి కాగితం మీద ఒత్తాడు. ఎదురెదురుగా రెండు చిలకలు. అదే మెడ వంపు, అదే తోక, ఎడమ చిలకకు అదే మెల్లకన్ను.

సారు ఆనందం పట్టలేక యాకూబును కౌగిలించుకున్నాడు. ఆ చెక్కముక్క ఇద్దరి మధ్యా ఉందని గుర్తొచ్చేసరికి, ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ మీద, సరిగ్గా గుండె దగ్గర, రెండు పచ్చచిలకలు వాలిపోయాయి.

"పోతే పోయింది అంగి! ఈ అట్ట ఎవరు కొట్టిచ్చిన్రు?"

యాకూబు ముఖం మారింది. "అదొక్కటి అడగకు సారూ. చెప్పనని మాట ఇచ్చిన."

"ఎవరికి?"

"నాకు," అని వినబడింది గుమ్మంలోంచి.

అత్త శాంతవ్వ. ఆమె వెనక బాలలక్ష్మి. ఆమె వెనక బస్సులోని ఆడవాళ్లు, కూరగాయల బుట్టతో సహా. శాంతవ్వ అల్లుడి ఛాతీ వంక చూసి గడ్డం మీద వేలు పెట్టుకుంది.

"ఏంది అల్లుడా, పెండ్లికార్డు అంగి మీదనే కొట్టిచ్చుకున్నవా?"

సారుకు ఇక దాచేందుకు ఏమీ మిగల్లేదు. "అత్తమ్మా, నీలవేణి లేదు, ఎవ్వరు లేరు. పెద్దవ్వ పాటల మీద నేను ప్రసంగం ఎక్కిచ్చిన. పాట పోయింది. గంగమణి లగ్గం వరకు ఇంకోటి తేవాలని..." చేతిలోని అట్ట పైకెత్తి చూపించాడు. "తిరగని ప్రెస్సు లేదు."

అందరూ బాలలక్ష్మి వైపు చూశారు, ఇప్పుడు పిడుగు పడుతుందని.

"నాకెరుకే," అంది బాలలక్ష్మి.

"ఎప్పటిసంది?"

"నువ్వు ఎక్కిచ్చిన తెల్లారిసంది. చెల్లె లగ్గం యాదికొచ్చి జర విందామని పెట్టుకున్న. అప్పగింతల పాట పెడితే కట్టుకున్న మొగడు నన్ను సోదరీ అని పిలవబట్టె!"

బస్సులోని ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"మరి నన్నడుగలేదేంది?"

"నువ్వే చెప్తవని చూసిన. నువ్వేమో ముక్కులు రెండు మొలిచినట్టు తిరుగుతుంటివి." బాలలక్ష్మి ముందుకు వచ్చి సారు చేతిలోని అట్ట తీసుకుంది. "పోనీ, చిలకల కోసం దోమకొండ దాక పోయినవు గదా. గీ చిలకలు ఎన్నడు చూడలేదా నువ్వు? మన పెండ్లికార్డు మీదియే!"

"మన కార్డు మీద అరటి చెట్లు గదా?"

"అది మీ దిక్కు కార్డు. మా దిక్కు కార్డు మా బాపు ఈడ కొట్టిచ్చిండు. పదేండ్లాయె, మా కార్డు ఒక్కపారన్న తెరిచి చూసినవా?"

సారు చూడలేదు. తన పెళ్లి ఎప్పుడో తనకు తెలుసు గనుక చూడాల్సిన అవసరం రాలేదు.

"ఆ కార్డులు కొట్టంగ మిగిలిన అట్టల మీదనే ఇవి గూడ కొట్టిన," అన్నాడు యాకూబు మెల్లగా. "చెప్పుదునా చెల్లే?"

శాంతవ్వ గుమ్మంలోనే కూర్చుంది. "చెప్పు అన్నా. ఆయన గూడ పాయె, ఇప్పుడు ఎవలకు భయం?" అని, తనే చెప్పింది. "అల్లుడా, ఆ పాటలు మా అత్త పాడలే. నేను పాడిన."

సారు యాకూబు వైపు తిరిగాడు. యాకూబు తల ఊపాడు.

"మీ మామ సంగతి నీకెరుకనే గదా. ఇంటి కోడలి గొంతు వాకిలి దాటొద్దనేటోడు. బీడీలు చేసుకుంట లోపట పాడుకునేదాన్ని. బాలలక్ష్మిని అప్పజెప్పేటప్పుడు పాడాలంటే నాతోని కాదని తెలుసు. కండ్లల్ల నీళ్లు, గొంతుల బిడ్డ. అందుకని ముందుగాలనే, ఆయన లేని పూట, మా చిన్నాయన కొడుకు టేపుల పాడిన. బజార్ల కొన్నట్టు ఉండాలని యాకూబన్నతోని అట్టలు కొట్టిచ్చిన. మా అత్త పేరు పెట్టిన."

"మామ గుర్తుపట్టలే?"

"గుర్తుపట్టుడా! మా అమ్మ పాట అని ఊరంత పిలిచి వినిపిచ్చిండు. మా అత్త నోరు తెరిస్తే బర్రె పాలు ఇయ్యకపోయేది. అయినా పేరొచ్చినంక వద్దంటదా? సచ్చేదాక నేనే పాడిన అన్నది."

అంటే పాట పాడిన మనిషి కళ్లెదుట కూర్చుని ఉంది. కాపీ కోసం ఊరూరా తిరగనక్కర్లేదు. అడిగితే మళ్లీ పాడుతుంది. ఈ సంగతి సారు బుర్రలోకి దిగుతుండగా, భుజానికి పెద్ద సంచీతో జిలానీ లోపలికి వచ్చాడు. సంచీలోంచి టేప్ రికార్డర్ పిడి కనిపిస్తోంది.

"సారూ, చిలకలు దొరికినయా?"

"జిలానీ! నువ్వు ఈడ..."

"కసం తప్పలే సారూ. అక్కకు నేను ఒక్క ముక్క చెప్పలే. అక్కే నాకు చెప్పింది, నువ్వు రాకముందు దినం. అమ్మకు గొంతు పట్టుకున్నదట, నయమైనంక రికార్డు చెయ్యాలె, అందాక సారును ఇంట్లకెల్లి బయట తిప్పు అన్నది."

"బయటెందుకు?"

"ఇంట్ల ఉంటే ఇంక దేని మీద ప్రసంగం ఎక్కిస్తవో అని," అంది బాలలక్ష్మి. "చిలకల తోవ చూపిచ్చింది జిలానన్న. ఎవరన్న మన పెండ్లికార్డు చూపెడ్తే నీకు బుద్ధొస్తదని నేను ఊకున్న. నీలవేణి మాత్రం నీ సొంత తెలివి."

ఆ సాయంత్రమే శాంతవ్వ ఇంట్లో రికార్డింగు. బీడీ ఆకుల గదిలో జిలానీ మిషన్ సర్దాడు. తలుపులు వేశారు. గంగమణి ఒక మూల మోకాళ్ల మీద గడ్డం ఆనించి కూర్చుంది. "నాకు సప్పుడు రావద్దు," అన్నాడు జిలానీ. "వాకిట్ల ఎవరన్న నిలబడాలె."

చప్పుడు ఆపడంలో సారును మించిన మనిషి ఆ ఊళ్లో ఎవరు? అరవై మంది పిల్లలను కంటిచూపుతో ఆపుతాడు. గుండె మీద రెండు చిలకలతో, చేతిలో కట్టెతో వాకిట్లో నిలబడ్డాడు. పాటను చెడగొట్టినవాడు ఈసారి పాటను కాపాడాలని పళ్లు కరిచిపట్టి నిశ్చయించుకున్నాడు.

కోళ్లను ఆపాడు. ఉప్పు బండివాణ్ని ఆపాడు. నీలవేణి మొగుణ్ని చూసి పోదామని వచ్చినవాళ్లను ఆపాడు. బాన్సువాడ బస్సు హారను కొట్టబోతే రోడ్డుకు అడ్డంగా నిలబడి డ్రైవరుకు దండం పెట్టాడు. లోపలి పాట ఆయనకు ఒక్క ముక్క కూడా వినబడలేదు. తలుపు సందుల్లోంచి సన్నటి రాగం మాత్రం వచ్చి, ఎందుకో కళ్లు చెమ్మగిల్లాయి.

చివరికి తలుపు తెరుచుకుంది. బాలలక్ష్మి కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"మంచిగ వచ్చిందా?" సారు గుసగుసగా అడిగాడు.

"అమ్మ మంచిగనే పాడింది. ఇగ ఇంకోసారి పాడలేనంటున్నది, గొంతు పోయింది."

"ఒక్కసారి సాలు గదా! ఏం సప్పుడు పడలే గదా?"

"కోడి పడలే. బస్సు పడలే. 'ష్...' అని ఒక్కటే పడ్డది. సరిగ్గ 'అడుగు తీసేటి బిడ్డ' అన్నకాడ. మస్తు గట్టిగ పడ్డది."

సారు కట్టె కింద పెట్టి, దాని పక్కనే తానూ కూర్చున్నాడు. ఆ కూర్చున్న తీరు చూసి బాలలక్ష్మి లోపలికి వెళ్లింది. చాయ్ తెచ్చి చేతిలో పెట్టింది.

ఒక్క పని మాత్రం సారు పట్టుబట్టి చేయించాడు. కొత్త క్యాసెట్‌కు కొత్త అట్ట. చిలకలు అవే. పైన ఈసారి "శాంతవ్వ అప్పగింతల పాటలు". అన్నిటికంటే ముఖ్యం, అడుగున ప్రెస్సు పేరు ఉండాలి. రేపు ఇంకో పిచ్చివాడు ఊరూరా తిరగకూడదు. ఇవన్నీ యాకూబుకు పద్ధతి ప్రకారం చెప్పి వచ్చాడు. తను వచ్చాక బాలలక్ష్మి కూడా ఆ సందులోకి వెళ్లి వచ్చిందని ఆయనకు తెలియదు.

గంగమణి పెళ్లయింది. అప్పగింతల వేళ జిలానీ మీట నొక్కాడు. బిడ్డ చేయి అల్లుడి చేతిలో పెట్టి శాంతవ్వ కుమిలిపోతుంటే, మైకులోంచి ఆమె గొంతే ఆమెకు తోడుగా నిలబడి పాడింది. పందిరి పందిరంతా వెక్కిళ్లు పెట్టింది. "అడుగు తీసేటి బిడ్డ..." అన్న చోట పందిరి అదిరేలా వచ్చింది.

"ష్!"

ఏడుస్తున్న వందల మంది టక్కున ఆగిపోయారు. వెక్కిళ్లు గొంతుల్లోనే నిలిచాయి. ఏడ్చి ఎర్రబడ్డ కళ్లతో అందరూ అటూ ఇటూ చూశారు. ఆ నిశ్శబ్దంలో గంగమణికి నవ్వు ఆగలేదు. ఆమె నవ్వితే శాంతవ్వ నవ్వింది. కన్నీళ్లతోనే పందిరంతా నవ్వింది.

"ఎవరు అన్నది?" అని పెళ్లికొడుకు తరఫు పెద్దమనిషి ఒకాయన అడిగాడు.

గంగారాం సారు ఒక స్తంభం వెనక్కి జరిగాడు. ఎవరికీ తెలిసే అవకాశం లేదని ధైర్యం చెప్పుకున్నాడు. ఆ పెద్దమనిషి మైకు పక్కనున్న క్యాసెట్ డబ్బా చేతిలోకి తీసుకుని, అట్టను దూరంగా పెట్టి, వచ్చిన చదువునంతా కూడగట్టుకుని పైకి చదివాడు.

"పాడినవారు, శాంతవ్వ. ముద్రణ, యాకూబు ప్రెస్సు, ఎల్లారెడ్డి. నడుమ 'ష్' అన్నవారు, ఎం. గంగారాం, బి.ఏ., బి.ఎడ్."